నాగ్ క్షిపణి: నలువదిరెండేండ్ల లెక్క

ఎనుమాముల మార్కెటు యార్డులో పత్తి బస్తా దిగిన వెంటనే జరుగునది ప్రశంస గాదు, పరీక్ష. తేమ యెంత, పింజ యెట్టిది, తూక మెంత యని చూచిన పిదపనే ధర పలుకుదురు. బస్తా మన యూరిదా, పొరుగూరిదా యని కాంటా అడుగదు. కాంటా వేయు దడువాయియు అడుగరాదు. ఈ వారము మేము దేశరక్షణకు సంబంధించిన యొక విషయమును ఇట్టి కాంటాపైననే యుంచ దలచినాము. అది మనవారే రూపొందించిన ట్యాంకు విధ్వంసక క్షిపణుల విషయము. వానిని ప్రయోగించుటకు మనవా రేర్పరచిన సాధనముల విషయము.

పత్తి యార్డు చెంత గూర్చుండి క్షిపణుల మాట మీ కేల యని కొందరు మిత్రు లడుగవచ్చును. అడుగుట న్యాయమే. ఆ క్షిపణులకు వెచ్చించు ధనములో ఈ యార్డునకు సరుకు తెచ్చు రైతు చెల్లించిన పన్నును గలదు. వానిని చేతబట్టి సరిహద్దున నిలుచు సిపాయిలలో మన జిల్లాల బిడ్డలును గలరు. మూడవ కారణమును చాలమంది మరచుచుందురు. ఈ యస్త్రములలో ముఖ్యమైనవి పుట్టినది మన గడ్డమీదనే. నాగ్ క్షిపణిని రూపొందించినది హైదరాబాదు కంచన్‌బాగులోని రక్షణ పరిశోధనశాల. దానిని తయారుచేయునది ఆ చెంతనే 1970లో నెలకొన్న భారత్ డైనమిక్సు సంస్థ. దానిని మోయు వాహనమునకు పుట్టినిల్లు సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారములోని కర్మాగారము. సిపాయి మోసికొనిపోదగిన తేలిక క్షిపణిని 2019 సెప్టెంబరు 11న పరీక్షించినది కర్నూలు జిల్లాలో. ఇంటివారి పని గనుక పొగడుటకు మనకు హక్కు గలదు. ఇంటివారి పని గనుకనే నిలదీయుటకును హక్కు గలదు.

ట్యాంకనగా కదలెడు కోట. అట్టి కోటను కూల్చుటకు ప్రతి చోటను మరియొక కోటను నిలుపవలె నన్నచో ఎంతటి దేశమైనను తాళజాలదు. కాలిబంటు చేతికి తగిన యాయుధ మిచ్చిననాడు మాత్రము ఆ కోట గర్వము దిగును. 1965 సెప్టెంబరులో పంజాబులోని ఖేంకరణ్ సమీపమున, అసల్ ఉత్తర్ గ్రామము చెంత, జరిగిన దదియే. హవల్దారు అబ్దుల్ హమీదు జీపుపై బిగించిన 106 మిల్లీమీటర్ల ఫిరంగితో పంటచేల మాటునుండి ప్యాటను ట్యాంకులను ఒక్కొక్కదానిని కూల్చి, ఆ నెల 10వ తేదీన ప్రాణము లర్పించి, పరమవీరచక్రమునకు పాత్రుడయ్యెను. ఇందులో పాఠకులు గమనింపదగిన విశేష మొకటి గలదు. పాకిస్థాను తెచ్చిన ప్యాటను ట్యాంకులు అమెరికావి. వానిని కూల్చిన ఫిరంగియు అమెరికా నమూనాదే. ఆ నెలలోనే అమెరికా ప్రభుత్వము ఉభయదేశములకును ఆయుధముల సరఫరా నిలిపివేసెను. ఎరువు దెచ్చుకొన్న కత్తిని యజమాని మన కక్కరపడిన దినముననే తిరిగి యడుగును. స్వదేశాస్త్ర మన్నమాట వేదికలమీది అలంకారము గాదనుటకు ఇంతకన్న సాక్ష్య మేమి కావలెను?

ఇక యాయుధముల తీరు విచారింతము. ట్యాంకు ఉక్కును ఛేదించుటకు బరువైన గుండే యక్కర లేదు. ప్రేలుడు పదార్థమును ముందువైపున గరాటువలె గుంటగా తీర్చి, ఆ గుంటకు పలుచని లోహపురేకు తొడిగినచో, ప్రేలినంతనే ఆ రేకు సన్నని ధారగా మారి మహావేగమున ఉక్కులో దిగును. దీనికి విరుగుడుగ ట్యాంకులవారు తమ కవచముపై ప్రేలుడు పలకలను పేర్చిరి. ఆ పలకలకు విరుగుడుగ క్షిపణికి ఒకదాని వెనుక నొకటిగ రెండు ప్రేలుడు తలలు వచ్చినవి. ట్యాంకు మొగము దళసరి, నెత్తి పలుచన. కావున నేటి క్షిపణి నేరుగ పోక పైకెగసి నెత్తిపై బడుట నేర్చినది.

క్షిపణికి దారి చూపు విధానమును మూడు మెట్లుగ నెక్కినది. భారత్ డైనమిక్సువారు తొలుదొలుత ఫ్రాన్సువారి యనుమతితో తయారుచేసిన ఎస్.ఎస్.-11 క్షిపణి మొదటి మెట్టునకు జెందినది. సిపాయి దానిని కంటితో వెంబడించుచు, చేతికఱ్ఱను త్రిప్పుచు, తీగె ద్వారా దారి చెప్పవలసియుండెను. రెండవ మెట్టున యూరోపు నుండి మిలాను, రష్యా నుండి కొంకూర్సు వచ్చినవి. వీనిలో సిపాయి తన గురిని ట్యాంకుపై నిలిపియుంచిన చాలును; తక్కిన పని యంత్రమే తీగె ద్వారా చేయును. కాని కొంకూర్సు నాలుగు కిలోమీటర్లు పోవుటకు రమారమి ఇరువది సెకనులు పట్టును. అంతసేపు సిపాయి చూపు త్రిప్పరాదు, స్థలము విడువరాదు. కచ్చేరీలో వాయిదా కోరు మావంటివారికి ఇరువది సెకనులు లెక్కలోనివి గావు. శత్రువు ఫిరంగి తన వైపు తిరుగుచుండగ చూచువానికి అదియే యొక జీవితకాలము.

మూడవ మెట్టు నాగ్. ట్యాంకు వెలువరించు వేడిమిని చిత్రముగ జూడగల పరారుణ నేత్రము ఈ క్షిపణి శిరస్సున గలదు. విడుచుటకు ముందే లక్ష్యమును దానికి చూపవలెను. విడిచిన పిదప అదియే వెంటాడును. సిపాయి ఆ క్షణముననే చోటు మార్చుకొనవచ్చును. మనవారు సాధింపబూనినది ఇట్టి కన్ను. ఇట్టి విద్యను చేతజిక్కించుకొన్న దేశములు లోకమున కొలదిగనే గలవు. ఈ ఘనతను మే మెన్నడును తగ్గించి చెప్పము.

అస్త్ర మొక్కటియే చాలదు. దానిని విడుచు విల్లును గావలెను. ఇచ్చట మనవారు అయిదు మార్గములు త్రొక్కిరి. వానిని ప్రక్క ప్రక్కన బెట్టి చూతము.

మొదటిది వాహనము. నామికా యను పేర బరగు ఈ గొలుసుచక్రముల బండి, మన సైన్యమున నున్న బి.ఎం.పి.-2 నమూనాను మార్చి చేసినది. ఆరు నాగ్ క్షిపణులు ప్రయోగమునకు సిద్ధముగ నుండును. నాలుగు కిలోమీటర్ల దూరము కొట్టగలదు. ఎడారిలోను మైదానములోను ట్యాంకుల గుంపు నెదుర్కొనుటకు ఇది తగును. కాని అది యొక పెద్దబండి. 2022 నుండి ఉక్రెయినులో జరిగిన యుద్ధమును జూచినవారెల్లరు ఎరుగుదురు: ఆకాశమున చిన్న డ్రోనులు తిరుగుచుండగ పెద్దబండికి దాగుచోటు దొరకుట దుర్లభము.

రెండవది హెలికాప్టరు. నాగ్‌కు రూపాంతరములైన హెలీనా, ధ్రువాస్త్రములు మన ధ్రువ్ జాతి హెలికాప్టరు నుండి ఏడు కిలోమీటర్ల దూరము పోగలవు. మొదటిది సైన్యమునకు, రెండవది వాయుసేనకు. 2021 ఫిబ్రవరిలో ఎడారిలోను, 2022 ఏప్రిలులో ఎత్తైన పర్వతప్రాంతమునను ఈ తరగతి పరీక్షలు జరిగినవి. హైదరాబాదులోని ఇమారతు పరిశోధన కేంద్రమువారి సంత్ క్షిపణి పది కిలోమీటర్ల వరకు పోవును. పరారుణ నేత్రమునకు బదులు మిల్లీమీటరు తరంగముల రాడారు దీనికి కన్ను. 2021 డిసెంబరు 11న పోఖరానులో హెలికాప్టరు నుండి పరీక్షింపబడినది. భుజముపైనుండి విడుచు విమాన విధ్వంసకములు పెరిగిన ఈ కాలమున హెలికాప్టరునకు దూరమే ప్రాణరక్ష. కావున ఏడునకు పదికి నడుమనున్న మూడు కిలోమీటర్లు చిన్న భేదము గాదు. అయినను హెలికాప్టరు మిక్కిలి వ్యయముతో గూడిన విల్లు. ప్రతి పటాలమునకు దానిని సమకూర్చుట సాధ్యము గాదు.

మూడవది ట్యాంకు ఫిరంగియే. అర్జున్ ట్యాంకు గొట్టము నుండి లేసరు కిరణము వెంట నడచు క్షిపణిని 2020 సెప్టెంబరు 22న అహమదునగరున మూడు కిలోమీటర్ల దూరపు గురిపై పరీక్షించిరి. ఇది పూనాలోని పరిశోధనశాలవారు ఇతరులతో గలిసి చేసిన పని. ఉన్న గొట్టముననే క్రొత్త యస్త్ర మమరుట దీని లాభము. తగులువరకు లేసరు కిరణమును లక్ష్యముపై నిలుపవలసి యుండుట దీని లోపము.

నాలుగవది సిపాయి మోయు క్షిపణి. బరువు రమారమి పదునైదు కిలోలు. ముక్కాలి పీటపైనుంచి విడుతురు. నాగ్ వలెనే విడిచిన తరువాత సిపాయితో పని లేదు. దీనిని తొలుత రెండున్నర కిలోమీటర్ల దూరమున కుద్దేశించిరి. 2018 సెప్టెంబరులో తొలిసారి పరీక్షించిరి. 2024 ఏప్రిలులో పోఖరానున దాని జంట ప్రేలుడు తలను పరీక్షించిరి.

అయిదవది డ్రోను. 2025 జూలైలో కర్నూలు క్షేత్రమున డ్రోను నుండి చిన్న క్షిపణిని విజయవంతముగ ప్రయోగించినట్లు ప్రభుత్వమువారు ప్రకటించిరి. కవచమును భేదించు ప్రేలుడు తలయు దాని కమరును. ఉక్రెయిను పాఠము మనవారి చెవికి జేరినదనుట కిది గుర్తు.

ఈ అయిదింటిలో ఏది గొప్ప యని యడుగుట కంటె, ఏది ఎవరికి ముందుగ నందవలెనని యడుగుట మేలు. మా యభిప్రాయమున అగ్రతాంబూలము నాలుగవదానిది. వాహనము పోలేని కొండదారిని సిపాయి పోవును. హెలికాప్టరు ఎగురజాలని వాతావరణమునను సిపాయి తన స్థానమున నుండును. 2020 జూను 15 రాత్రి గాల్వాను లోయలో సూర్యాపేట బిడ్డ కర్నలు సంతోష్ బాబు వీరమరణము నొందెను. ఆ ఘర్షణలో ట్యాంకులు లేవు. కాని దాని వెనుక మాసములలో లడఖు కొండలపై ఉభయసైన్యముల ట్యాంకులును ఎదురెదురుగ నిలిచినవి. ఆ యెత్తున, ఆ చలిలో, ప్రతి కిలో బరువును లెక్కించుచు నడచు కాలిబంటు చేతిలో ఏమున్నది యనునదియే తుది ప్రశ్న. తక్కిన నాలుగును ఆ చేతికి తోడు రావలసినవి.

ఇంతవరకు తూకము చూచితిమి. ఇక కాలమును జూడవలెను. నాగ్ కథలో బరువెల్ల కాలముననే యున్నది.

సమగ్ర క్షిపణి పథకము 1983 జూలైలో మంజూరయ్యెను. అబ్దుల్ కలాం గారి నాయకత్వమున చేపట్టిన అయిదు క్షిపణులలో నాగ్ ఒకటి. 1990 నవంబరులో తొలిసారి ఎగిరెను. తుది పరీక్ష, నిజమైన ప్రేలుడు తలతో పోఖరానున జరిగినది, 2020 అక్టోబరు 22న. దాని వాహనవ్యవస్థను కొనుటకు 1,801 కోట్ల రూపాయల ఒప్పందముపై సంతకములు పడినది 2025 మార్చి 27న. మొదటి మంజూరునకు ఈ సంతకమునకు నడుమ నలువదిరెండేండ్లు. పథకము మంజూరైన యేట ఉద్యోగమున జేరిన యువ ఇంజనీరు పింఛను పుచ్చుకొని యింట గూర్చుండియుండును. కలాం గారు 2015లోనే కన్నుమూసిరి. ఈ సంతకమును వారు చూడలేదు.

ఆలస్యమునకు న్యాయమైన కారణములు లేకపోలేదు. 1998 అణుపరీక్షల వెనుక అమెరికా విధించిన ఆంక్షలలో మన రక్షణ పరిశోధనశాలలును జిక్కినవి. వేడిమిని జూచు కన్నును పరులు మన కమ్మరు. మనమే చేసికొనవలసి వచ్చెను. చేసికొన్న కన్ను సయితము రాజస్థానపు గ్రీష్మ మధ్యాహ్నమున తడబడెను. ఇసుక వేడియు ట్యాంకు వేడియు సమానమైనప్పుడు గురి కానరాదు గదా! 2012 ప్రాంతపు పరీక్షలలో ఈ చిక్కు బయలుపడగ, మరింత నిశితమైన కన్నును రూపొందింపవలసి వచ్చెను. దీనిని మేము దోషముగ నెంచము. ఎడారి పరీక్షలో దొరకిన లోపము యుద్ధరంగమున దొరకుటకంటె వేయిమడుంగులు మేలు. సైన్యమువారు నిక్కచ్చిగ నుండుట వారి ధర్మము. పత్తి కొనుగోలు కేంద్రమున తేమ నూటికి పండ్రెండు దాటినచో ఏ రైతు కన్నీరును యంత్రపు ముల్లును దించజాలదు. రైతునకు వర్తించు నియమము శాస్త్రజ్ఞునకు వర్తింపకుండుట యెట్లు?

కాని న్యాయమైన కారణములన్నియు గలిపినను నలువదిరెండేండ్లు నిండవు. మిగిలిన కాలము దస్త్రముల నడుమ గడచినదని, నిశ్చయము మార్చుకొనుటలో గడచినదని చెప్పక తప్పదు. విదేశీయ క్షిపణుల కొనుగోలు చరిత్రయే ఇందుకు తార్కాణము. ఇజ్రాయిలువారి స్పైకు క్షిపణులను కొనవలెనని 2014లో నిశ్చయించిరి. మన క్షిపణియే వచ్చుచున్నదని 2017 చివర దానిని రద్దుచేసిరి. 2019లో బాలాకోటు ఘటన పిమ్మట అత్యవసరాధికారములతో ఆ స్పైకునే కొలదిగ కొనిరి. 2025 నవంబరులో జావెలిను క్షిపణులు నూరింటిని భారతదేశమున కమ్ముటకు అమెరికా ప్రభుత్వము సమ్మతి తెలిపెను. 1965లో సరఫరా నిలిపిన యంగడి యెదుటనే అరువది యేండ్లకు మరల నిలుచుటయా! స్వదేశమును నమ్మి పూర్తిగ నిలిచినదియు లేదు. పరదేశమును నమ్మి కావలసినంత కొన్నదియు లేదు. రెంటి నడుమ వట్టిచేతుల నిలిచినవాడు సిపాయి.

ఇచ్చట రెండు పక్షములవారికి మేము సమాధానము చెప్పవలసి యున్నది. మొదటి పక్షమువారు, సిద్ధముగ దొరకు సరుకును కొనక ఈ ప్రయాస మేల యందురు. 1965 సెప్టెంబరును, 1998 ఆంక్షలను వారు జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. ఈనాడు కొన్నవాని మరమ్మతు రేపటి అమ్మకందారు దయపై నాధారపడును. మరియు ఇంటిలో పొయ్యి యార్పినవాడు మరల రాజేయుట కష్టము. ఆ కంటిని చేయ నేర్చిన చేతులు పని లేక చెదరిపోయినచో నలువదిరెండేండ్ల వ్యయమును గంగపాలగును. రెండవ పక్షమువారు, స్వదేశమని పేరున్న ప్రతిదానిని ప్రశ్నింపక పొగడవలెననియు, తప్పెన్నుట దేశద్రోహమనియు దలతురు. వారికి మా మనవి: ఖద్దరు నుద్యమముగ జేసినవారు ముతకనూలును సన్ననూలని చెప్పి యమ్మలేదు. నూలు సన్నముగ వడుక నేర్పిరి. స్వదేశీ యనునది కొనువానికి వ్రతమైనచో చేయువానికి అంతకు మించిన వ్రతము.

కావున ప్రభుత్వమువారికి మేము కొన్ని సూచనలు చేయుచున్నాము. దేశీయాస్త్రమైనను విదేశాస్త్రమైనను ఒకే ఎడారిలో, ఒకే ఋతువున, ఒకే గురిపై పరీక్షింపుడు. పరీక్షలు మొదలుపెట్టిన పిదప నడుమ నియమములను మార్చకుడు. మార్చినచో ఆ మార్పునకు బాధ్యు డెవ్వరో లిఖితముగ నుంచుడు. సంపూర్ణత కొరకు దశాబ్దములు వేచియుండక, పనికివచ్చినదానిని చిన్న మొత్తములలో ఏటేట కొనుచు, సిపాయి చెప్పిన లోపమును మరుసటి విడతలో దిద్దుడు. నాగ్ రెండవ తరపు వ్యవస్థకు రక్షణ కొనుగోళ్ల మండలి 2025 అక్టోబరులో సమ్మతి నిచ్చినది. ఆ సమ్మతితోపాటు తేదీయు నుండవలెను. ఫలానా యేట ఫలానా పటాలమున కందునని పార్లమెంటు రక్షణ స్థాయీసంఘము నెదుట చెప్పవలెను. చెప్పిన తేదీ దాటిన నాడు కారణమును సయితము అచ్చటనే చెప్పవలెను. రహస్యముగ నుంచవలసినవి క్షిపణిలోని కీలకములు. ఆలస్యమునకు రహస్య మేల?

తేదీని గూర్చి మే మింతగ పట్టుబట్టుటకు కారణము గలదు. ప్రత్యేక రాష్ట్రోద్యమమున కార్యకర్తలుగ ఈ యోరుగల్లు వీథులలో తిరిగినవారము మేము. 2009 డిసెంబరు 9 రాత్రి ఢిల్లీనుండి ప్రకటన వెలువడినప్పుడు పండుగ చేసికొంటిమి. రాష్ట్రము వచ్చినది 2014 జూను 2న. ఆ నాలుగున్నర యేండ్లలో ఎన్ని యిండ్ల దీపము లారినవో ఈ జిల్లా మరువలేదు. తేదీ లేని వాగ్దానము వాగ్దానము కాదని మేము పుస్తకములలో చదివి నేర్చుకొనలేదు.

మేము యుద్ధమును గోరువారము గాము. యుద్ధము వచ్చిన తొలి దినముననే బస్తా ధర పడునో లేచునో తెలియక ఈ యార్డులో రైతు తల్లడిల్లును. ఆ రాత్రియే సిపాయి తల్లి నిద్ర మానును. కాని ట్యాంకు విధ్వంసకము స్వభావముచేత రక్షణాయుధము. పొరుగువాని నేల నాక్రమించుటకు ట్యాంకు కావలెను. తన నేలను నిలుపుకొనుటకు ఈ యస్త్రము చాలును. తగినన్ని యున్నవని శత్రు వెరిగిననాడు వానిని ప్రయోగింపవలసిన యగత్యమే తగ్గును.

ఎనుమాములకు కూతవేటు దూరముననే ఓరుగల్లు కోట గలదు. వెలుపల మట్టికోట, లోపల రాతికోట, నడుమ అగడ్తలు. మన పూర్వులు మన రాతితో, మన చేతులతో గట్టినవి; ఎవరివద్దను ఎరువు దెచ్చినవి గావు. ఉలుఘ్ ఖాను తొలి ముట్టడి భగ్నమై దేవగిరికి వెనుదిరిగెను. కొలది మాసములకే క్రొత్తబలముతో మరల వచ్చెను; 1323లో కోట పడిపోయెను. గోడలు స్వదేశమువే. కాని రెండు ముట్టడుల నడుమ దొరకిన ఆ కొలది మాసములను మనకంటె శత్రువే బాగుగ వాడుకొనెను. రాళ్లు నేటికిని నిలిచియున్నవి, చూడబోవువారికి. పోయినది కాలము. కంచన్‌బాగులో కన్ను చేసినవారికి, ఎద్దుమైలారములో బండి చేసినవారికి మా నమస్సులు. ఢిల్లీలో సంతకము చేయువారికి మాత్రము ఒక్క మనవి: ఒకసారి ఓరుగల్లు వచ్చి ఆ కోటను జూచి పోవుడు.